పోయింది సరే, వచ్చే దారేది?

పిల్లలూ,

దసరాకు మీరు హన్మకొండ ఇంట్లో పై అంతస్తుకు రెండో రూటర్ పెట్టుకుని, ప్రింటర్ కూడా పైనే పెట్టుకుని, కింది ల్యాప్‌టాప్ నుంచి ప్రింట్ ఎందుకు పోవట్లేదో తెలియక రెండు రోజులు కొట్లాడుకున్నారు గదా. చివరికి రెండు రూటర్లకూ రీసెట్ కొట్టేసరికి ఇల్లంతా వైఫై పోయి, నాయనమ్మ ఫోన్లో పెట్టుకునే భజనలు కూడా ఆగిపోయాయి. నేను ఏమీ అనలేదు. అనే మొహం నాకు లేదు, ఎందుకంటే ఇంతకంటే ఘోరంగా నేనే చేశాను, అదీ జీతం తీసుకుని.

ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక మిర్చి అడ్తి దుకాణం అది. సీజన్ మంచి ఊపులో ఉంది, ఆ ఘాటుకు తుమ్మకుండా పది నిమిషాలు కీబోర్డు ముందు కూర్చోలేం. ముందు ఆఫీసు, వెనక గోదాము. ఆఫీసు కంప్యూటర్లవన్నీ 192.168.1 తో మొదలయ్యే అడ్రసులు, నెట్ ఇచ్చే రూటర్ 192.168.1.1. గోదాములో కాంటా దగ్గరి కంప్యూటర్ 192.168.2.10. మధ్యలో నేను పెట్టిన చిన్న రూటర్‌కు రెండు కాళ్లు: ఆఫీసు వైపు 192.168.1.2, గోదాము వైపు 192.168.2.1. కాంటా తూకం ఆఫీసులో బిల్లు కొట్టే కంప్యూటర్‌కు, అంటే 192.168.1.20కు చేరాలి. అంతే పని.

చేరలేదు. పింగ్, అంటే ఉన్నావా అని అడిగి జవాబు కోసం చూసే కమాండ్, కొడితే ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’, జవాబు రాలేదని. అదే కాంటా కంప్యూటర్ నుంచి 192.168.1.2కు కొడితే మాత్రం టకటకా జవాబు. రూటర్ అవతలి కాలు దాకా పోతున్నది ఇంకొక్క అడుగు వేయలేకపోతోందా? వైర్లు మార్చాను, స్విచ్ మార్చాను, సేటుకు టెన్షన్ పడొద్దని చెప్తూ నేను చెమటలు కక్కాను. బయట రైతులు తూకం చీటీల కోసం నిలబడి ఉన్నారు, గుమాస్తా చేత్తో రాస్తూ రాస్తూ తలెత్తి నా వైపు ఒక చూపు చూసేవాడు, అది ఇప్పటికీ గుర్తుంది.

చివరికి బిల్లు కంప్యూటర్‌లో వైర్‌షార్క్ పెట్టాను. నెట్‌వర్క్‌లో సమాచారం ప్యాకెట్లనే చిన్న చిన్న మూటలుగా నడుస్తుంది; వచ్చే ప్యాకెట్లు, పోయే ప్యాకెట్లు ఒక్కొక్కటి ఒక్కో లైనుగా చూపించే సాఫ్ట్‌వేర్ అది, ఉచితమే, మీరూ పెట్టుకోండి. చూస్తే ఏముంది, 192.168.2.10 నుంచి పింగ్ శుభ్రంగా వచ్చి చేరుతోంది. కింది లైనులో జవాబు కూడా బయలుదేరుతోంది. నేను పొద్దున్నుంచి వెతికింది పోయే దారిని. తెగింది వచ్చే దారి.

కాజీపేట జంక్షన్ తలుచుకోండి. సికింద్రాబాద్ నుంచి వచ్చిన బండి అక్కడి నుంచి పెద్దపల్లి, మంచిర్యాల మీదుగా బల్లార్షా వైపైనా పోవాలి, వరంగల్, డోర్నకల్ మీదుగా విజయవాడ వైపైనా పోవాలి. మంచిర్యాల బండికి ఏ లైను ఇవ్వాలో కాజీపేటలో తెలిస్తే చాలు, మంచిర్యాలలో అది ఏ ప్లాట్‌ఫారం మీద ఆగుతుందో వీళ్లకు అక్కర్లేదు. రూటర్ కూడా అంతే, ఫలానా నెట్‌వర్క్‌కు పోయేదైతే ఫలానా అడ్రసుకు అప్పజెప్పు అనే లైన్లు కొన్ని దాని దగ్గర ఉంటాయి. మనం చేత్తో రాసిపెట్టిన లైను స్టాటిక్ రూట్. ఏ లైనూ సరిపోకపోతే డిఫాల్ట్ గేట్‌వేకు, అంటే దారి తెలియనివన్నీ అప్పజెప్పే రూటర్‌కు పడేస్తుంది. కంప్యూటర్ చేసేదీ ఇదే. అయితే ప్యాకెట్‌కు రిటర్న్ టికెట్ ఉండదు. జవాబు అంటే కొత్త ప్రయాణం, దాని దారి అది మళ్లీ మొదటి నుంచి అడుక్కుంటూ రావాలి.

బిల్లు కంప్యూటర్ ఏం చేసింది? 192.168.2.10 తన నెట్‌వర్క్‌లోది కాదు కాబట్టి జవాబును తన గేట్‌వే 192.168.1.1కు ఇచ్చింది. దానికి గోదాము సంగతే తెలియదు, అందుకని ఇంటర్నెట్ వైపు తోసేసింది. 192.168 అడ్రసులు ఇళ్లలో, ఆఫీసుల్లో లోపల వాడుకునేవి, బయట చెల్లవు, జవాబు అక్కడే ఎక్కడో చచ్చింది. వెనక గోదాముకు పోవాల్సిన చీటీని తీసుకెళ్లి ఊరి బయట పారేసినట్టు.

ఇక అర్థమైందన్న సంబరంలో ఇంకో రెండు తప్పులు చేశాను. మెయిన్ రూటర్ పాస్‌వర్డ్ దుకాణంలో ఎవరి దగ్గరా లేదు, సరే అని బిల్లు కంప్యూటర్‌లోనే రూట్ యాడ్ కమాండ్ కొట్టాను. నెట్‌వర్క్ 192.168.2.0, మాస్క్ (ఏ అడ్రసులు ఆ నెట్‌వర్క్‌వో చెప్పేది) 255.255.255.0, గేట్‌వే 192.168.2.1. ఒప్పుకోలేదు. ఎట్లా ఒప్పుకుంటుంది? గోదాముకు దారి తెలియకనే గదా అడుగుతోంది, దానికి గోదాము లోపలి తలుపు చూపిస్తే ఎట్లా! చెప్పాల్సింది తన వైపు ఉన్న తలుపు, 192.168.1.2. అది కొట్టగానే పింగ్ పలికింది, సేటు చాయ్ తెప్పించాడు. మర్నాడు పొద్దున ఏడింటికి ఫోన్, మళ్లీ పోయిందని. కమాండ్‌లో మైనస్ పీ పెట్టకపోతే కంప్యూటర్ ఆపి మళ్లీ వేసేసరికి ఆ రూట్ ఉండదు. నాకు తెలియక కాదు, చాయ్ తొందరలో మర్చిపోయాను.

తర్వాత పాస్‌వర్డ్ దొరికాక ఆ రూట్‌ను మెయిన్ రూటర్‌లోనే రాశాను, అక్కడ ఒక్కచోట రాస్తే ఆఫీసు మొత్తానికి సరిపోతుంది. కానీ గోదాము నుంచి వచ్చేవి చిన్న రూటర్ మీదుగా నేరుగా వస్తాయి, జవాబులు మాత్రమే మెయిన్ రూటర్‌కు కనిపిస్తాయి. కొన్ని రూటర్ల ఫైర్‌వాల్, అంటే అనుమానం వచ్చినవాటిని ఆపే కాపలా, ఇట్లా సంభాషణలో ఒక సగమే కనిపిస్తే ఆపేస్తుంది, అప్పుడు మళ్లీ కంప్యూటర్లలోనే రాసుకోక తప్పదు.

మీకు ఎప్పుడైనా ఇట్లాంటిది తగిలితే, ముందు రెండు వైపులా కూర్చుని చూడండి, ఒక్క వైపు నుంచే పింగ్ కొడుతూ ఉండకండి. రూట్ల జాబితా చూపించే రూట్ ప్రింట్ కమాండ్ కొట్టి, ఉందనుకున్న లైను నిజంగా ఉందో లేదో కళ్లతో చూడండి. ‘టీటీఎల్ ఎక్స్‌పైర్డ్’ (ప్యాకెట్ ఎన్ని రూటర్లు దాటొచ్చో ఆ లెక్క అయిపోయింది) అని వచ్చిందంటే చాలాసార్లు రెండు రూటర్లు నీకు నీకు అంటూ ప్యాకెట్‌ను బంతిలా విసురుకుంటున్నాయని, దారిలోని రూటర్లను వరుసగా చూపించే ట్రేస్ రూట్ కమాండ్‌లో అవే రెండు అడ్రసులు మార్చి మార్చి కనిపిస్తాయి. ఇంకోటి, విండోస్ ఫైర్‌వాల్ చాలాసార్లు తన నెట్‌వర్క్ వాళ్ల పింగ్‌కే పలుకుతుంది, పక్క నెట్‌వర్క్ నుంచి కొడితే ఉలకదు పలకదు. రూట్ తప్పని తిట్టుకునే ముందు అది చూడండి.

ఇక మన ఇంటి సంగతి. మీ పై రూటర్ న్యాట్ చేస్తోంది, అంటే పై వాళ్లందరినీ తన వెనక దాచిపెట్టి తన పేరు మీదనే మాట్లాడుతోంది. అందుకే పైనుంచి కిందికి అన్నీ అందాయి, కింద నుంచి ప్రింటర్‌కు మాత్రం అందలేదు. న్యాట్ ఆపి, దాని ఫైర్‌వాల్ సడలించి, కింది రూటర్‌లో స్టాటిక్ రూట్ రాయొచ్చు. నేర్చుకోవడానికి ఒక ఆదివారం చేసి చూడండి, కానీ ఒక ఇంటికి, ఒక ప్రింటర్‌కు అంత అవసరం లేదు. పై రూటర్ అడ్రసును కింది నెట్‌వర్క్‌లో ఎవరూ వాడని 192.168.1.2 లాంటిదానికి మార్చండి, అందులో డీహెచ్‌సీపీ, అంటే పరికరాలకు అడ్రసులు పంచే పని, ఆపండి, కింద నుంచి వచ్చే వైరును వ్యాన్ (బయటి నెట్ వైపుది) అని రాసిన పోర్టులోంచి తీసి ల్యాన్ (లోపలి నెట్‌వర్క్‌ది) పోర్టులో పెట్టండి. ఇల్లంతా ఒకే నెట్‌వర్క్ అవుతుంది, రూట్ గొడవే ఉండదు. ప్రింటర్‌ను ఒకసారి ఆపి వేయండి, కొత్త అడ్రసు తీసుకుంటుంది.

నాయనమ్మ భజనలు అయ్యాక మొదలుపెట్టండి.

మీ పెద్దబాపు