లెగో మోటారు బండ్లు: అపోహలు - వాస్తవాలు

లెగో బ్రిక్స్‌తో కట్టిన బండి తనంతట తాను కదలడం చూసినవాళ్లు ముందుగా అడిగేది "ఇందులో ఏ మోటారు వేశారు?" అనే. కొత్తగా ఈ హాబీలోకి వచ్చినవాళ్ల ఆలోచన కూడా దాని చుట్టూనే తిరుగుతుంది. బండి ఎత్తు ఎక్కకపోతే పెద్ద మోటారు, పరిగెత్తకపోతే ఇంకో మోటారు, ఆగిపోతే కొత్త బ్యాటరీలు. చాలాసార్లు జబ్బు మోటారులో ఉండదు. మోటారుకీ నేలకీ మధ్యలో ఉంటుంది: గేర్లలో, ఇరుసుల్లో, వాటిని పట్టుకున్న చట్రంలో. కింది అపోహల్లో ఎక్కువ భాగం ఆ మధ్య భాగాన్ని పట్టించుకోకపోవడం వల్ల పుట్టినవే.

ఇక్కడ ఇచ్చిన అంకెలు 2007లో లెగో తెచ్చిన పవర్ ఫంక్షన్స్ అనే రకం మోటార్లవి. హాబీలో ఇప్పటికీ ఇవి బాగా వాడకంలో ఉన్నాయి. 2019 నుంచి టెక్నిక్ (గేర్లు, ఇరుసులతో వచ్చే లెగో రకం) సెట్లలో కనిపిస్తున్న కంట్రోల్ ప్లస్ మోటార్లకు అంకెలు మారతాయి గానీ సూత్రం మారదు.

అపోహ: పెద్ద మోటారు వేస్తే బండి వేగంగా పోతుంది

పవర్ ఫంక్షన్స్ మామూలు మోటార్లలో లావుగా ఉండేది ఎక్స్‌ఎల్. బరువేమీ లేకుండా ఉత్తగా తిరిగితే నిమిషానికి సుమారు 220 చుట్లు తిరుగుతుంది. దానికంటే బాగా చిన్నదైన ఎం మోటారు సుమారు 400 చుట్లు తిరుగుతుంది. అంటే పెద్దదే నిదానం! దాని గొప్పతనం టార్క్‌లో, అంటే ఇరుసును తిప్పే బలంలో ఉంది. గట్టిగా పట్టుకుని ఆపేసినప్పుడు ఎక్స్‌ఎల్ సుమారు 40 న్యూటన్ సెంటీమీటర్ల బలంతో తిప్పడానికి చూస్తుంది, ఎం అయితే 11 దగ్గర ఆగిపోతుంది. ఎల్ మోటారు మధ్యస్థం: వేగం దాదాపు ఎం అంత, టార్క్ 18 దాకా.

ఒక లెక్క వేసి చూద్దాం. 62.4 మిల్లీమీటర్ల టైరు తీసుకుని ఎక్స్‌ఎల్‌కి నేరుగా తగిలించాం అనుకోండి. టైరు చుట్టుకొలత 196 మిల్లీమీటర్లు. నిమిషానికి 220 చుట్లంటే 43 మీటర్లు, గంటకు 2.6 కిలోమీటర్లు. నింపాదిగా నడిచే మనిషి కూడా దీన్ని దాటిపోతాడు.

ఇప్పుడు అదే బండి బరువు 2 కిలోలు అనుకుని 30 డిగ్రీల వాలు ఎక్కించండి. కిందికి లాగే బలం సుమారు 9.8 న్యూటన్లు. చక్రం వ్యాసార్ధం 3.1 సెంటీమీటర్లు కాబట్టి చక్రం దగ్గర కావలసిన టార్క్ 30 న్యూటన్ సెంటీమీటర్లకు పైనే. మోటారు ఇవ్వగలిగిన గరిష్ఠం 40, రాపిడిలో పోయేది పోగా బండి మూలుగుతూ నిలబడిపోతుంది. 8 పళ్ల గేరుతో 24 పళ్ల గేరును తిప్పితే టార్క్ మూడింతలవుతుంది, బండి హాయిగా ఎక్కుతుంది. వేగం మాత్రం గంటకు 0.9 కిలోమీటరు కూడా ఉండదు. మోటారు ఇచ్చే మొత్తం శక్తిని గేర్లు పెంచలేవు. వేగం ఇచ్చి బలం తీసుకోవడమో, బలం ఇచ్చి వేగం తీసుకోవడమో, అంతే.

అపోహ: ఒకటి చాలకపోతే రెండు మోటార్లు, వేగం రెట్టింపు

ఒకే ఇరుసును రెండు మోటార్లు తిప్పితే టార్క్ రెట్టింపవుతుంది. ఉత్తగా తిరిగే వేగం మాత్రం అంతే ఉంటుంది. బరువు మోసేటప్పుడు వేగం ఒక్క మోటారుతో పడిపోయినంతగా పడిపోదు కాబట్టి బండి కాస్త చురుగ్గా అనిపిస్తుంది. వేర్వేరు రకాల మోటార్లను ఒకే ఇరుసుకు బిగిస్తే మరీ దండగ. ఎక్స్‌ఎల్ 220 దగ్గర తిరగాలనుకుంటే ఎం 400 దగ్గర తిరగాలనుకుంటుంది, రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటూ బ్యాటరీ తాగేస్తాయి.

ఎన్ని మోటార్లు పెడితే ఏమవుతుందో 2018లో లెగో కంపెనీయే చూపించింది. బుగాటి షిరాన్ కారును నిజమైన సైజులో, జిగురు లేకుండా, పది లక్షలకు పైగా టెక్నిక్ ముక్కలతో కట్టారు. లోపల 2,304 పవర్ ఫంక్షన్స్ మోటార్లు, 4,032 గేర్లు ఉన్నాయి. బరువు ఒకటిన్నర టన్ను. మనిషిని కూర్చోబెట్టుకుని గంటకు 20 కిలోమీటర్లు దాటి వెళ్లింది. వాళ్లు చెప్పిన లెక్క ప్రకారం మొత్తం శక్తి 5.3 హార్స్ పవర్. అంటే సుమారు 3,950 వాట్లు. 2,304తో భాగిస్తే ఒక్కో మోటారుకు 2 వాట్లు కూడా రావు. మన టేబుల్ మీది బండిలో ఉన్నదీ ఆ 2 వాట్లే. దాన్ని పారబోయకుండా చక్రం దాకా తీసుకెళ్లడమే ఈ హాబీలో అసలు పని.

అపోహ: గేర్లు టకటకమంటున్నాయంటే పళ్లు అరిగిపోయాయి

దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. బండ్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

బరువు పడగానే టక్ టక్ మని చప్పుడు వస్తే, పళ్లు ఒకదానిమీంచి ఒకటి జారుతున్నాయని అర్థం. కొత్త గేర్లు వేసినా ఆ చప్పుడు పోదు. కారణం చట్రం వంగడం. రెండు గేర్లు ఒకదాన్నొకటి తిప్పుకునేటప్పుడు పక్కకు నెట్టుకుంటాయి కూడా. ఇరుసులను పట్టుకున్న బీములు (రంధ్రాలున్న పొడవాటి ముక్కలు) ఒక మిల్లీమీటరు విచ్చుకున్నా పళ్ల పట్టు తప్పిపోతుంది. చిన్న బండి చేతిలో తిప్పి చూస్తే అంతా బాగానే ఉంటుంది, నేల మీద పెట్టగానే మొదలవుతుంది. ఎందుకంటే చేతిలో ఉన్నప్పుడు దానిమీద బరువు లేదు.

మందు ఏమిటంటే, గేరుకు రెండు వైపులా ఇరుసును పట్టుకునే బీము ఉండాలి. ఒకవైపే పట్టుకుని గేరును చివర వేలాడదీస్తే ఆ గేరు ఎప్పుడైనా జారుతుంది. ఆ రెండు బీములను అడ్డంగా ఇంకో ముక్కతో కట్టాలి, అదీ గేర్లకు వీలైనంత దగ్గరగా. నాలుగు మూలల్లో పిన్నులు పెట్టి చతురస్రం చేశాం కదా అనుకుంటే చాలదు, ఒక్కో మూలకు ఒక్క పిన్ను ఉన్న చతురస్రం పక్కకు ఒరిగిపోతుంది. మూలకు రెండేసి పిన్నులు, లేదా మధ్యలోంచి ఏటవాలుగా ఒక బీము. బీములతో కట్టిన గేర్‌బాక్సు బలంగా ఉండదని పాతతరం బిల్డర్లు కొందరు ఇప్పటికీ పైన బొడిపెలు (స్టడ్లు) ఉన్న పొడవాటి బ్రిక్స్‌నే నమ్ముతారు. నా అనుభవంలో రెండూ బాగానే మోస్తాయి, అడ్డంగా బిగించడం మర్చిపోతే రెండూ విచ్చుకుంటాయి.

గేర్ల మధ్య దూరం కూడా చూసుకోవాలి. ఇది ఇంజనీర్లకే అర్థమయ్యే లెక్క అనుకుంటారు, కానీ దీనికి కూడిక, భాగహారం వస్తే చాలు. టెక్నిక్ గేరుకు ఎన్ని పళ్లుంటే దాని పిచ్ వ్యాసం (పళ్లు కలిసే చోట కొలిచిన వ్యాసం) అన్ని మిల్లీమీటర్లు. బీములో రంధ్రాల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. రెండు గేర్ల పళ్లు కలిపి సగం చేస్తే వాటి ఇరుసుల మధ్య ఉండాల్సిన దూరం వస్తుంది. 8, 24 కలిపితే 32, సగం 16 మిల్లీమీటర్లు, సరిగ్గా రెండు రంధ్రాల దూరం. 12, 20 కూడా అంతే. 8, 40 అయితే 24 మిల్లీమీటర్లు, మూడు రంధ్రాలు. 12, 36 కూడా మూడే. 16, 24 పెట్టాలంటే 20 మిల్లీమీటర్లు కావాలి, అంటే రెండున్నర రంధ్రాలు. సగం రంధ్రం దూరం ఇచ్చే ముక్కలు వెతుక్కోవాలి. "దాదాపు కుదిరింది" అని వదిలేసిన గేర్లే తర్వాత టకటకమంటాయి.

అపోహ: గేర్లతో వేగం ఎంత తగ్గిస్తే బండికి అంత బలం

కాగితం మీద నిజమే. 8, 40 పళ్ల జతలు రెండు వరుసగా పెడితే టార్క్ 25 రెట్లు. ఎక్స్‌ఎల్ 40 న్యూటన్ సెంటీమీటర్లను 25తో హెచ్చించి చూడండి, 10 న్యూటన్ మీటర్లు. చక్రం ఎక్కడైనా ఇరుక్కుంటే ఆ బలం ప్లాస్టిక్ ఇరుసు మీద పడుతుంది, అది తాడులా మెలితిరిగిపోతుంది. ఒకసారి మెలితిరిగిన ఇరుసును మళ్లీ బండిలో వాడొద్దు. గేరు దానిమీద జరగదు, రంధ్రంలో దిగదు.

అందుకే వేగం తగ్గించే గేర్లను వీలైనంత చివర, చక్రం దగ్గర పెట్టాలి. మోటారు నుంచి చక్రం దాకా వచ్చే పొడవాటి ఇరుసు, మధ్యలోని జాయింట్లు వేగంగా, తక్కువ టార్క్‌తో తిరుగుతాయి. అసలు బలం ఆఖరి రెండు అంగుళాల్లో పుడుతుంది. చక్రం దగ్గరే గేర్లుండే పోర్టల్ యాక్సిల్, ప్లానెటరీ హబ్ లాంటివి చేసే పని ఇదే. బరువైన ట్రక్కులు కట్టేవాళ్లు వాటిని వదలరు.

ఇక స్క్రూలా మరలుండే వర్మ్ గేరు. 24 పళ్ల గేరుతో ఒక్క అడుగులోనే 24 రెట్లు తగ్గిస్తుంది కాబట్టి చూడగానే ఆశ పుడుతుంది. క్రేను చేతిని ఎత్తడానికి దాన్ని మించింది లేదు: మోటారు ఆపినా బరువు కిందికి జారదు, వర్మ్ గేరును వెనక్కి తిప్పడం కుదరదు కనక. చక్రాలకు మాత్రం పెట్టొద్దు. రాపిడిలోనే చాలా శక్తి పోతుంది, పైగా బండిని చేత్తో తోయడానికి కూడా వీలుండదు.

అపోహ: నాలుగు చక్రాలకూ డ్రైవ్ ఇస్తే ఎక్కడికైనా ఎక్కుతుంది

డిఫరెన్షియల్ (రెండు వైపులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) సంగతి మర్చిపోతే ఎక్కదు. దాని పనే తేలిగ్గా తిరిగే చక్రం వైపు తిప్పుడును వదిలేయడం. మలుపులో అది మేలు. రాళ్ల మీద ఒక చక్రం గాలిలోకి లేచిందంటే ఆ చక్రం గిరగిరా తిరుగుతుంది, నేలమీది చక్రం కదలదు. ముందూ వెనకా మధ్యలో మూడు డిఫరెన్షియల్స్ పెట్టిన బండిని ఒకే ఒక్క చక్రం ఆపేస్తుంది. రాళ్లెక్కే బండికి డిఫరెన్షియల్ తీసేయండి, లేదా లాక్ పెట్టండి. నున్నటి నేలమీద తిరిగే కారుకు ఉంచండి. సస్పెన్షన్ బాగా ఆడి నాలుగు చక్రాలూ నేలకు తగులుతూ ఉంటే, లాక్ లేకపోయినా చాలా దూరం వెళ్లొచ్చు.

అపోహ: రీచార్జబుల్ బ్యాటరీలు వేస్తే బండి నీరసపడుతుంది

బ్యాటరీ బాక్సులో ఆరు ఏఏ సెల్స్ పడతాయి. ఆల్కలైన్ అయితే ఒక్కోటి 1.5 వోల్టులు, మొత్తం 9. నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్స్ ఒక్కోటి 1.2, మొత్తం 7.2. అంకెలు చూస్తే ఆల్కలైనే గెలవాలి. చిన్న మోటారు, తేలికైన బండి అయితే గెలుస్తుంది కూడా. రెండు ఎక్స్‌ఎల్ మోటార్లు కొండ ఎక్కుతున్నప్పుడు మాత్రం ఆల్కలైన్ వోల్టేజి జారిపోతుంది, దాని లోపలి నిరోధం ఎక్కువ. రీచార్జబుల్ తన 1.2 దగ్గర గట్టిగా నిలబడుతుంది. బరువు బండి కట్టేవాళ్లు రీచార్జబుల్స్ వాడేది డబ్బు ఆదా కోసమే అనుకోవద్దు.

అపోహ: నడుస్తూ నడుస్తూ ఆగిపోయిందంటే మోటారు కాలిపోయింది

కంగారు పడొద్దు. ఈ మోటార్లలో వేడెక్కితే కరెంటును తగ్గించేసే రక్షణ ఉంటుంది. బిగుసుకుపోయిన మోటారులోకి వెళ్లే కరెంటంతా వేడిగానే మారుతుంది, అప్పుడు ఆ రక్షణ పనిచేస్తుంది. స్విచ్ ఆపి కొన్ని నిమిషాలు వదిలేస్తే మళ్లీ తిరుగుతుంది. అయితే మళ్లీ మళ్లీ ఆగుతోందంటే గేరింగ్ తప్పు, అది చూడండి.

స్టీరింగ్‌కు సర్వో (కావలసిన కోణం దాకా తిరిగి ఆగే మోటారు) బదులు మామూలు మోటారు వాడేవాళ్లు చక్రాలు చివరిదాకా తిరిగాక మోటారు బిగుసుకోకుండా 24 పళ్ల క్లచ్ గేరు పెట్టుకోవాలి. తెల్లగా ఉండే ఆ గేరు మీద 2.5, 5.0 అనే అంకెలు ఉంటాయి. అంత టార్క్ దగ్గర లోపలే జారి మోటారును కాపాడుతుంది.

అపోహ: కాస్త నూనె రాస్తే గేర్లు మెత్తగా తిరుగుతాయి

వద్దు. బ్రిక్స్ ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేసినవి, కొన్ని రకాల నూనెలు తగిలితే ఒత్తిడిలో ఉన్న చోట ఏబీఎస్ చిట్లుతుంది. పైగా నూనెకు దుమ్ము, వెంట్రుకలు అంటుకుంటాయి. గేరు బిగుతుగా ఉందంటే ఇరుసు మీద బుష్‌ను (ఇరుసు జరగకుండా పట్టే చిన్న ముక్క) బీముకు మరీ నొక్కిపెట్టి ఉంటారు. ఒక వెంట్రుకవాసి వదులు చేయండి, అంతే. జిగురు గురించి అడిగేవాళ్లకూ ఇదే జవాబు: విప్పి మళ్లీ కట్టలేని బండిని సరిచేయడం కుదరదు.

అపోహ: వేరే కంపెనీల ముక్కలన్నీ దొంగ సరుకు

రెండు విషయాలను కలిపేస్తున్నారు. బ్రిక్ మీది అసలు పేటెంటుకు 1958లో దరఖాస్తు చేశారు, దాని గడువు ఎప్పుడో ముగిసింది. 2010లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఆ బ్రిక్ ఆకారాన్ని ట్రేడ్‌మార్క్‌గా ఉంచుకోవడం కూడా కుదరదని తేల్చింది, ఆకారం పుట్టింది సాంకేతిక అవసరం నుంచి కాబట్టి. అతుక్కునే ముక్కలు తయారుచేయడం తప్పేమీ కాదు. ఒకరి సెట్‌నో, ఒక బిల్డర్ డిజైన్‌నో అనుమతి లేకుండా కాపీ కొట్టి డబ్బాలో పెట్టి అమ్మడం వేరే సంగతి, దాన్ని నేను కొనను.

నాణ్యత కంపెనీని బట్టి, ఒక్కోసారి అదే కంపెనీలో ముక్కను బట్టి మారుతుంది. పరీక్ష తేలికే: ఇరుసును గేరులో దూర్చి చూడండి, ఊగకూడదు, సుత్తితో కొట్టాల్సిన పని ఉండకూడదు. మోటార్ల దగ్గర మాత్రం వైరు చివరి ప్లగ్ ఏదో ముందే చూసుకోండి. లెగోలోనే పవర్ ఫంక్షన్స్ ప్లగ్, తర్వాత వచ్చిన పవర్డ్ అప్ ప్లగ్ ఒకదానిలో ఒకటి దూరవు.

అపోహ: పెద్ద సెట్‌తో మొదలుపెడితే త్వరగా వస్తుంది

2019లో వచ్చిన లీబెర్ ఆర్ 9800 ఎక్స్‌కవేటర్‌లో 4,108 ముక్కలు, ఏడు మోటార్లు. కట్టడం బాగుంటుంది, పుస్తకం చెప్పినట్టు ముక్క తర్వాత ముక్క పెట్టుకుంటూ పోతాం. కానీ ఆ గేరు అక్కడెందుకుందో పుస్తకం చెప్పదు. నన్నడిగితే ఒక ఎల్ మోటారు, బ్యాటరీ బాక్సు, నాలుగు చక్రాలు, గుప్పెడు గేర్లు చాలు. పైన బాడీ కట్టకండి. ముందు 12 పళ్ల గేరుతో 20 పళ్లది తిప్పుతూ నడపండి. తర్వాత వాటినే తారుమారు చేసి 20తో 12ను తిప్పండి, ఇరుసుల దూరం మారదు కాబట్టి చట్రం ముట్టుకోనక్కర్లేదు. ఆపైన 8, 24 పెట్టండి, దానికీ అవే రంధ్రాలు. ప్రతిసారీ ఒక చెక్క పలకను కొంచెం కొంచెం పైకెత్తుతూ బండి ఎక్కడ ఆగుతోందో, ఆగినప్పుడు చక్రాలు జారుతున్నాయో, మోటారు బిగుసుకుందో, గేర్లు టకటకమంటున్నాయో రాసుకోండి. చక్రాలు జారితే టైర్లనో బరువునో మార్చాలి, మోటారు బిగుసుకుంటే గేర్లు మార్చాలి, చప్పుడొస్తే చట్రం బిగించాలి.