పాత తుపాకీ లాక్ రిపేరు: అపోహలు - వాస్తవాలు

మూతి నుంచి మందు కూరే పాత రైఫిళ్ల లాక్ గురించే ఇదంతా. దెబ్బ కొట్టి మందు అంటించే హ్యామర్‌ను పట్టి ఉంచి, ట్రిగ్గర్ నొక్కగానే వదిలేసే పక్క ప్లేటు, దాని వెనక దాగిన స్ప్రింగులు, గాడులు.

అపోహ: ఇన్నేళ్లు గోడకు వేలాడింది, లోపల మందు ఎందుకుంటుంది?

వాస్తవం: ఉండొచ్చు. తడి తగలకపోతే తుపాకీ మందు తరాలు గడిచినా చావదు. మూతిలోంచి కడ్డీ దింపి, మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటకు తీసి అదే కడ్డీని బ్యారెల్ పక్కన ఆనించి చూడండి. కడ్డీ కొస నిప్పు అందే రంధ్రం దాకా రాకుండా ముందే ఆగిందంటే, లోపల మందూ గుండూ ఉన్నాయనే అనుకోవాలి. అది తీయించేదాకా లాక్ జోలికి వెళ్లొద్దు.

అపోహ: హ్యామర్ ఎక్కుపెడితే నిలబడట్లేదు, టంబ్లర్ (హ్యామర్‌తో పాటు తిరిగే లోపలి ముక్క) గాడిని ఆకురాయితో కాస్త రాస్తే సరి.

వాస్తవం: నా దగ్గరికి వచ్చే లాకుల్లో చాలావరకు అరిగి పాడైనవి కావు, ఇలా రాసి పాడు చేసినవే! టంబ్లర్ పైపొర మాత్రమే గట్టి, అదీ మిల్లీమీటరులో కొద్ది వంతు. ఆ పొర దాటితే లోపలంతా మెత్తటి ఇనుము, ఇవాళ బాగానే పట్టినట్టుంటుంది, కొన్నాళ్లకు మళ్లీ జారుతుంది. ముందు లాక్‌ను చెక్కలోంచి బయటకు తీసి చేత్తో ఎక్కుపెట్టి చూడండి. చేతిలో సరిగ్గా పట్టి, చెక్కలో బిగిస్తే జారుతోందంటే తప్పు గాడిది కాదు. ఉబ్బిన చెక్క సియర్‌కు (టంబ్లర్ గాడిలో పడి హ్యామర్‌ను ఆపే మీటకు) తగులుతుండొచ్చు, ట్రిగ్గర్ ఎప్పుడూ సియర్‌ను నొక్కి పట్టి ఉండొచ్చు, లేదా పక్క స్క్రూలు అతిగా బిగించి ప్లేటును వంచేసి ఉండొచ్చు. చేతిలోనూ జారితే భూతద్దం పెట్టి సియర్ ముక్కు చూడండి, చాలాసార్లు విరిగేది అదే, సరిచేయడమూ దాన్నే తేలిక. గాడి నిజంగానే పోతే వెల్డింగ్‌తో లోహం నింపి, ఆకారం తెచ్చి, మళ్లీ గట్టిపరచాలి.

ఇంకో ముచ్చట. సెట్ ట్రిగ్గర్ (ముందే సిద్ధం చేసి పెడితే చిన్న తాకిడికే పేల్చేది) ఉన్న రైఫిళ్లలో టంబ్లర్ మీద బియ్యపు గింజంత ముక్క ఒకటి కదులుతూ ఉంటుంది, ఫ్లై అంటారు. హ్యామర్ పడేటప్పుడు సియర్ హాఫ్ కాక్ గాడిలో (హ్యామర్‌ను సగం ఎత్తులో భద్రంగా ఆపే గాడి) ఇరుక్కోకుండా దాటించేది అదే. లాక్ విప్పినప్పుడు ఇది ఎక్కడో రాలిపోతుంది, తర్వాత హ్యామర్ మధ్యలో ఆగుతోందని కొందరు హాఫ్ కాక్ గాడినే చెరిపేస్తారు, అంటే పోయిన గింజ కోసం ఉన్న సేఫ్టీని తీసేసినట్టు. హాఫ్ కాక్‌లో ఉండగా ట్రిగ్గర్ గట్టిగా లాగినా (ఖాళీ తుపాకీతోనే సుమా) హ్యామర్ పడకూడదు. పడితే ఆ తుపాకీ పేల్చడానికి పనికిరాదు.

అపోహ: నిప్పురవ్వలు రాకపోతే చెకుముకి రాయి మారిస్తే చాలు.

వాస్తవం: మండేది రాయి కాదు, రాయి గీరిన ఉక్కు రజను. రాయికి పదును ఉండాల్సిందే, కానీ కొత్త రాయి పెట్టినా రవ్వలు రాక, ఫ్రిజెన్ (రాయి గీరే ఉక్కు పలక) ముఖం మీద లోతుగా చాళ్లు పడుతుంటే దాని గట్టి పొర అరిగి మెత్తటి ఇనుము బయటపడిందన్నమాట. ఎముకల బొగ్గులో పెట్టి కాల్చి నీళ్లలో ముంచి మళ్లీ పొర ఎక్కించాలి, లేదా ముఖానికి పలుచటి హైకార్బన్ ఉక్కు రేకు అతికించాలి.

అపోహ: హ్యామర్‌ను నడిపే మెయిన్‌స్ప్రింగ్ గట్టిది వేస్తే లాక్ చురుగ్గా పనిచేస్తుంది.

వాస్తవం: రాళ్లు పగులుతాయి, నిపుల్ (టోపీ తుపాకుల్లో పేలుడు టోపీ తొడిగే చిన్న గొట్టం) నలుగుతుంది, గాడులు త్వరగా అరుగుతాయి. మందకొడితనానికి కారణం తరచుగా ఎండి బంకైన నూనె, ముందు శుభ్రం చేయండి. స్ప్రింగ్‌ను పట్టకారుతో మాత్రం లాగొద్దు, స్ప్రింగ్ వైస్‌తోనే నొక్కి తీయాలి.

అపోహ: అదే మోడల్ పాత లాక్ దొరికితే విడిభాగాలు మార్చేయొచ్చు.

వాస్తవం: చేత్తో ఆకురాయి పట్టి అమర్చిన కాలం నాటివి ఒకదానివి ఒకదానికి పట్టవు, స్క్రూలు కూడా అంతే. ఏ రంధ్రంలోది ఏదో కాగితం మీద గుర్తు పెట్టుకుని విప్పండి.

పాలిష్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్లేటు మీద చెక్కిన తయారీదారు పేరు బఫింగ్ చక్రం కింద పోతే మళ్లీ చెక్కించినా అది అసలుది కాదు, కొనేవాడు మొదట చూసేదీ అదే.