రోడ్డు ప్రమాదం ప్రజారోగ్య సమస్యగా మారిన వైనం

రోడ్డు మీద మనిషి చనిపోతే మన పోలీసు స్టేషన్లలో సాధారణంగా నమోదయ్యేది నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన కేసు. మొన్నటిదాకా ఐపీసీ 304-ఎ, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత 106. తప్పెవరిదో తేల్చడం న్యాయానికి అవసరమే కాని, అదే వేగంలో పడినా ఒకరు దెబ్బలతో బయటపడి మరొకరు ఎందుకు చనిపోతారన్నది ఆ దర్యాప్తుకు పట్టని ప్రశ్న.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో విమానం కూలినా ప్రాణాలతో మిగిలిన హ్యూ డి హేవెన్ ఈ ప్రశ్నను పట్టుకుని, చాలా ఎత్తు నుంచి పడినా బతికినవారి వివరాలను పరిశీలించి, దెబ్బ ఒక్కచోటే తగలకుండా విస్తరిస్తే శరీరం ఎంతో తట్టుకోగలదని 1942లో చూపాడు. దీన్ని వైద్యశాస్త్రపు చట్రంలోకి తెచ్చినవాడు అమెరికా వైద్యుడు విలియం హాడన్. మలేరియాకు పరాన్నజీవి ఎలా కారణమో, గాయానికి ఢీకొన్నప్పుడు శరీరాన్ని తాకే శక్తి అలా కారణమని చెప్పి, ప్రమాదాన్ని ముందు, జరిగే క్షణం, తరువాత అని మూడు దశలుగా విడదీసి, ఒక్కో దశలో మనిషి, వాహనం, పరిసరాలలో ఏది మార్చవచ్చో చూడమన్నాడు. 1966లో ఆ దేశపు రహదారి భద్రత సంస్థకు తొలి అధిపతీ ఆయనే.

మన దేశంలో ఈ ఆలోచనను దశాబ్దాలపాటు వినిపించినవారు ఢిల్లీ ఐఐటీ ఆచార్యుడు దినేశ్ మోహన్; కార్ల దేశాల పాఠాలు పాదచారులు, ద్విచక్ర వాహనాలు నిండిన మన రోడ్లకు యథాతథంగా సరిపోవన్నది ఆయన వాదన. 2022లో మరణించిన 1,68,491 మందిలో దాదాపు 45 శాతం ద్విచక్ర వాహనదారులే కావడం ఆ వాదనకు బలమిస్తోంది.

మనం చురుగ్గా కదిలింది ప్రమాదం తరువాతి దశలోనే. 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై ఇతర రాష్ట్రాలకు పాకింది. క్షతగాత్రులను ఆసుపత్రికి చేర్చినవారిని వేధించకుండా కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు చట్టబలం ఇచ్చింది. హెల్మెట్ నిబంధన 1988 మోటారు వాహనాల చట్టంలోనే ఉన్నా, దాని అమలు చాలాచోట్ల చలానాల వసూలుగానే మిగిలిపోయింది. ఇక రోడ్డు విషయానికొస్తే, డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు పాటించనందువల్ల ప్రాణం పోతే గుత్తేదారు, సలహాదారు, బాధ్యత గల అధికార సంస్థ జవాబుదారీ కావాలన్న 198-ఎ సెక్షన్ చట్టంలో చేరడానికి 2019 దాకా ఆగాల్సి వచ్చింది. దానికీ గరిష్ఠ జరిమానా లక్ష రూపాయలే.