కళ్ళారా చూశానన్నవాడి మాట

చిట్టికీ, బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో బుజ్జి అడిగాడు కదా, "కళ్ళారా చూశానని సాక్షి చెబుతుంటే కోర్టులో ఇంకా సాగదీయడం ఎందుకు తాతయ్యా?" అని. అది ఫోన్లో తేలే సంగతి కాదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అబద్ధం ఆడే సాక్షి పెద్ద సమస్య కాదురా. నాలుగు ప్రశ్నలు తిప్పి తిప్పి అడిగితే తరచూ ఎక్కడో ఒకచోట దొరికిపోతాడు. అసలు చిక్కు నిజాయితీగా పొరబడ్డవాడితోనే. తను చెప్పేది తనకు నిజమే కాబట్టి తడబడడు.

1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే శాస్త్రవేత్తలు 150 మంది విద్యార్థులకు కార్లు ఢీకొన్న చిన్న ఫిల్ము చూపించారు. 50 మందిని "కార్లు ఒకదానికొకటి తగిలినప్పుడు ఎంత వేగంతో ఉన్నాయి?" అని, ఇంకో 50 మందిని "గుద్దుకుని నుజ్జయినప్పుడు" ఎంత వేగమని అడిగారు. మిగతావాళ్ళను వేగం సంగతే అడగలేదు. వారం తర్వాత అందర్నీ పిలిచి, పగిలిన గాజుముక్కలు చూశారా అన్నారు. "నుజ్జు" అన్న మాట విన్నవాళ్ళలో 16 మంది చూశామన్నారు. "తగిలిన" అని విన్నవాళ్ళలో 7గురే. ఫిల్ములో గాజుముక్క ఒక్కటీ లేదు! ప్రశ్నలోని ఒక్క మాట జ్ఞాపకంలోకి దూరి కూర్చుంది.

అది ఫిల్ము కాబట్టి సరిపోయింది. 1984లో అమెరికాలోని నార్త్ కరోలినాలో ఒక విద్యార్థిని మీద దుండగుడు దాడి చేశాడు. బతికి బయటపడితే వాణ్ణి పట్టించాలని ఆ పిల్ల అంత భయంలోనూ ముఖం పట్టి పట్టి చూసింది. తర్వాత పోలీసులు కొన్ని ఫొటోలు ముందు పెడితే ఒకటి ఎంచింది. బాగా చేశావన్నారు. మరికొన్నాళ్ళకు మనుషుల్ని వరసలో నిలబెడితే అతన్నే చూపించింది. అటు ఫొటోల్లో, ఇటు వరసలో, రెండింట్లోనూ కనిపించినవాడు అతనొక్కడే. మరి రెండోసారి ఆమె గుర్తుపట్టింది దుండగుణ్ణా, తను ఎంచిన ఫొటోనా? ఆమె మాటతో అతనికి శిక్ష పడింది. కేసు రెండోసారి విచారణకు వచ్చినప్పుడు అసలు నేరస్థుణ్ణే తెచ్చి ఎదుట నిలబెడితే, ఇతన్నెప్పుడూ చూడలేదంది. ఏ పాపం చేయనివాడు పదేళ్ళు దాటి జైల్లో ఉండి, 1995లో డీఎన్ఏ పరీక్షతో బయటపడ్డాడు.

"అయితే మనుషుల్ని వదిలేసి డీఎన్ఏనే నమ్ముదాం" అంటావేమో చిట్టీ. నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్సుల్లో దాదాపు 40 నేరస్థలాల్లో ఒకే ఆడమనిషి డీఎన్ఏ దొరికింది. హత్యలు, చిల్లర దొంగతనాలు, అన్నిట్లోనూ ఆవిడే! పోలీసులు ఏళ్ళ తరబడి వెతికారు. ఒక మగమనిషి వేలిముద్రల కాగితం మీద కూడా ఆవిడే తేలేసరికి 2009లో గుట్టు బయటపడింది. ఆ డీఎన్ఏ వచ్చింది నేరస్థలాల్లో నమూనాలు తీసే దూదిపుల్లల నుంచి. వాటి తయారీలో పనిచేసిన ఒకావిడ డీఎన్ఏ పుల్లలకు అంటుకుంది. పుల్లల్ని శుద్ధి చేశారు, నిజమే. ఆ శుద్ధికి సూక్ష్మజీవులు చస్తాయి గానీ డీఎన్ఏ పోదు. పరీక్ష తప్పు చెప్పలేదు, పుల్ల మీద ఉన్నదే చెప్పింది.

వేలిముద్రలకీ ఈ గతి పట్టింది. 2004 మాడ్రిడ్ రైలు పేలుళ్ళ కేసులో ఒక సంచి మీది ముద్ర అమెరికాలోని ఒక లాయరుదేనని ఆ దేశపు దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తేల్చేసింది. స్పెయిన్ పోలీసులు అది వేరొకరిదని కనిపెట్టాక క్షమాపణ చెప్పింది. ఒక నిపుణుడు "సరిపోయింది" అన్నాక రెండోవాడు కొత్త కళ్ళతో చూడటం కష్టం.

అందుకే ఇప్పుడు చాలాచోట్ల, అనుమానితుడు ఎవరో తెలియని అధికారి చేతే ఫొటోలు చూపిస్తున్నారు. తెలిస్తే ముఖంలోనో గొంతులోనో ఏదో ఒకటి బయటపడుతుంది మరి. ఎంత నమ్మకంగా ఉన్నావని అప్పటికప్పుడే అడిగి రాసుకుంటారు. "ఇతనేనేమో" అన్నది కోర్టు దాకా వచ్చేసరికి "ముమ్మాటికీ ఇతనే" అయిపోతుందని వాళ్ళకు తెలుసు.

మీకో పని. ఈ ఉత్తరం చదివేముందు మీ గదిలోకి చివరగా ఎవరు వచ్చారో, ఏం వేసుకున్నారో, చేతిలో ఏముందో ఇద్దరూ విడివిడిగా రాయండి. ఒకరి కాగితం ఒకరు చూడకుండా నాకు పంపండి. బుజ్జీ, అక్కని అడగకు.

మీ తాతయ్య