కెపాసిటర్ ఎండిపోతే కంప్యూటర్ లేవదు

నెలల తరబడి ఆపకుండా వాడిన పాత డెస్క్‌టాప్, ఒకసారి కరెంటు పోయి వచ్చాక ఆన్ కావడం లేదని, అయిదారుసార్లు బటన్ నొక్కితే మాత్రం అవుతోందని ఒక పాఠకుడు రాశారు. ప్లగ్గు చూడటం, ర్యామ్ తీసి తుడిచి పెట్టడం లాంటివి ఈపాటికే చేసి ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను. పదే పదే నొక్కితే లేస్తోందంటే నాకు మొదట అనుమానం వచ్చేది, కరెంటును కాస్త దాచుకుని అవసరానికి ఇచ్చే ఎలక్ట్రొలైటిక్ కెపాసిటర్ల మీద.

పాఠ్యపుస్తకంలో కెపాసిటర్ అంటే ఎదురెదురుగా రెండు గీతలు, అంటే రెండు పలకలు. దాని లోపల తడి ఉంటుందని, ఆ తడి ఆరిపోతుందని క్లాసులో ఎవరూ చెప్పరు. చెప్పాలి! ఆ చిన్న డబ్బాలో రెండు అల్యూమినియం రేకులు, వాటి మధ్య ద్రవంలో నానిన కాగితం చుట్టచుట్టి ఉంటాయి. ఒక రేకు మీద పెంచిన ఆక్సైడ్ పొరే ఇన్సులేటర్. వోల్టుకు సుమారు 1.4 నానోమీటర్ల మందం చాలు. ఆ రేకు నిండా కంటికి కనిపించని గుంటలు. వాటిలోకి దిగి పొరను అంటుకోగలిగేది ద్రవం ఒక్కటే. అంటే కెపాసిటర్‌లో రెండో పలక నిజానికి ఆ ద్రవమే. అది ఆరిపోతే పలకే తరిగిపోతుంది.

పవర్ సప్లై కరెంటును సెకనుకు వేల దఫాలుగా తోస్తుంది. మధ్యలో కెపాసిటర్ నీళ్ల ట్యాంకులా నిండుతూ, ఇస్తూ ధార తెగకుండా చూస్తుంది. ద్రవం ఆరితే ట్యాంకు చిన్నదవుతుంది, అంతకంటే ముఖ్యంగా దాని గొట్టం పూడుకుపోతుంది. ఈ పూడికనే ఈఎస్సార్ (ఈక్వివలెంట్ సిరీస్ రెసిస్టెన్స్), అంటే కెపాసిటర్ లోపలి నిరోధం అంటారు. కుళాయి కట్టేసి ఉన్నంతసేపు ట్యాంకు నిండుగానే కనిపిస్తుంది. అందుకే లోడు లేకుండా మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు చక్కగా చూపించి మనల్ని మోసం చేస్తుంది.

బటన్ నొక్కగానే కుళాయిలన్నీ ఒక్కసారే తిప్పినట్టు. హార్డ్ డిస్క్ మోటారు ఒక్కటే తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల దగ్గర సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. తిరుగుతున్నప్పుడు అందులో కొంతే చాలు. 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 మధ్య నిలిచి, మిగతావీ కుదురుకున్నాక, 100 నుంచి 500 మిల్లీసెకన్లకు బూడిదరంగు వైరు మీద 'పవర్ గుడ్' సంకేతం వెళ్లాలి. గొట్టం పూడిన ట్యాంకు ఆ ధాటికి తట్టుకోలేక వోల్టేజీ పడిపోతే ఆ సంకేతం వెళ్లదు. అది అందేదాకా ప్రాసెసర్ పని మొదలుపెట్టకుండా రీసెట్‌లోనే ఉంటుంది. ఫ్యాన్లు తిరుగుతున్నా స్క్రీన్ నల్లగా ఉండటానికి ఇదొక కారణం.

ఇక కరెంటు పోవడం సంగతి. చల్లబడిన ద్రవంలో అయాన్లు మందకొడిగా కదులుతాయి, గొట్టం ఇంకా ఇరుకవుతుంది. ఆగకుండా నడిచిన రోజుల్లో ఆ వేడే దాన్ని కాపాడింది. మీరు నొక్కిన ప్రతిసారీ కాస్త కరెంటు పారి కెపాసిటర్ వెచ్చబడుతుంది, చివరికి గట్టెక్కుతుంది. వేళ బాగుంటేనే లేస్తుందని కొందరు నమ్ముతారు. బాగుండాల్సింది ఉష్ణోగ్రత!

షట్‌డౌన్ చేసినా ప్లగ్గులో ఉన్నంతసేపు ఊదా వైరు మీద 5 వోల్టుల స్టాండ్‌బై నడుస్తూనే ఉంటుంది. దాని కెపాసిటర్లకు సెలవు లేదు. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటల ఆయుష్షున్న కెపాసిటర్‌కు, ప్రతి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపని లెక్క. 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు, అంటే మూడున్నరేళ్లకు పైన.

మదర్‌బోర్డు మీద కెపాసిటర్ల తలలు చూడండి. చదునుగా ఉండాలి. ఉబ్బితే లోపల హైడ్రోజన్ చేరినట్టు, గోధుమరంగు పెచ్చు కడితే కారినట్టు. ఉబ్బకుండానే ఎండినవీ ఉంటాయి కాబట్టి, మంచిదని తెలిసిన వేరే పవర్ సప్లై తగిలించి చూడటమే నమ్మకమైన పరీక్ష. మొదటి నొక్కుకే లేస్తే పాతదాన్ని మార్చేయండి. దాని పెట్టె మాత్రం విప్పొద్దు. 230 వోల్టుల మెయిన్స్ అయితే లోపలి పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా కొంతసేపు అలాగే నిలిచి ఉండొచ్చు.