గుండ్రటి కిటికీ మిషను ఏ కాలం నాటిది?

అమలాపురం

చిరంజీవులకు ఆశీస్సులు.

పాత ఫోటోలో పెరటి వసారాలో, నీళ్ల గాబు పక్కన కనబడుతున్న గుండ్రటి కిటికీ బట్టలుతికే మిషను ఏదో, ఏ కాలం నాటిదో అడిగారు. పేరు కనబడటం లేదని బెంగ పెట్టుకోకండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ముందు ఊడిపోయేది పేరు రేకే. వయసు చెప్పేవి నాబ్, తలుపు, కడుపులో ఉన్న బరువు.

అమ్మమ్మను అడిగేటప్పుడు ‘ఏ కంపెనీ?’ అని మొదలుపెట్టకండి. టీవీలో ఎక్కువసార్లు విన్న పేరు చెప్పేస్తుంది. ‘తడిసిన బట్టల్ని ఒక గుంటలోంచి ఇంకో గుంటలోకి చేత్తో మార్చేవారా?’ అని అడగండి. అవునంటే అది సెమీ ఆటోమేటిక్, మీరు వెతికేది కాదు. ‘ఆగిపోయిన వెంటనే తలుపు వచ్చేదా?’ అన్నది రెండో ప్రశ్న. ‘ఒకటి రెండు నిమిషాలు ఆగాలి, టక్కున చప్పుడయ్యాకే వచ్చేది’ అంటే మీరు వెతికే ముందు తలుపు మిషనే (గుండ్రటి కిటికీ ఉండేది). మన కాలవ లాకుల్లో రెండు వైపులా నీటి మట్టం సమానమయ్యేదాకా పడవకు తలుపు తీసేవారు కాదు కదా, ఇదీ అలాంటి జాగ్రత్తే. కాకపోతే ఇక్కడ చాలా మిషన్లలో కాపలా కాసేది నీరు కాదు. తాళంలో కరెంటుకు వేడెక్కి వంగే ఒక రేకు ఉంటుంది. అది చల్లారి తిన్నబడితేనే గడియ వదులుతుంది.

ఇక నాబ్. కాలం పట్టుకోవడానికి ఇంతకంటే మంచి ఆనవాలు లేదు. పెద్ద గుండ్రటి నాబ్, చుట్టూ అంకెలో అక్షరాలో, లోపలికి నొక్కి ఒకే వైపు తిప్పాలి, బయటికి లాగితే మిషను మొదలవుతుంది: అలాగైతే దాని వెనక ఉన్నది పాతకాలపు మెకానికల్ టైమర్. పళ్ల చక్రాల మీద నడిచే చిన్న మోటారు ఒకటి, గట్లు గట్లుగా చెక్కిన బిళ్లల్ని మెల్లగా తిప్పుతుంది. గట్టు ఎక్కిన చోట రాగి రేకు తగిలి నీళ్ల వాల్వో పంపో నడుస్తుంది, దిగిన చోట ఆగుతుంది. ఉండుండి ‘కటక్’మని వినబడేది అదే. వెనక్కి తిప్పితే రేకులు వంగిపోతాయి. పాత మిషన్లు సగం చచ్చింది అలాగే.

చాలా టైమర్లు నీళ్లు వేడెక్కేదాకా అక్కడే నిలబడి చూస్తాయి. హీటరు కాలిపోతే నాబ్ కదలదు, డ్రమ్ము మాత్రం గంటలకొద్దీ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. ‘టైమర్ పోయింది’ అని మార్పించి డబ్బు పోగొట్టుకున్న ఇళ్లు చాలానే ఉన్నాయి. ముందు హీటరు చూడాలి.

విదేశం నుంచి తెచ్చిందో ఇక్కడిదో వెనక అంటించిన రేటింగ్ ప్లేటు, అంటే కరెంటు వివరాలుండే రేకు, చెబుతుంది. 220–240 వోల్టులు, 50 హెర్ట్జ్ అంటే మన కరెంటుకు సరిపోయేదే. 110–120 వోల్టులు, 60 హెర్ట్జ్ అంటే అమెరికా సరుకు. దానికి ట్రాన్స్‌ఫార్మరు పెట్టినా టైమర్ మోటారు మన 50 హెర్ట్జ్‌కు నిదానిస్తుంది, 60 నిమిషాల పని 72 నిమిషాలు పడుతుంది. అమెరికాలో బెండిక్స్ కంపెనీ 1937లో తెచ్చిన ఆటోమేటిక్ ముందు తలుపు మిషనుకైతే డ్రమ్ము అదురును ఆపే స్ప్రింగుల ఊయలే లేదు, నేలకు బోల్టులు బిగించాల్సిందే. 1960లలో బ్రిటన్‌లో వచ్చిన హూవర్ కీమాటిక్‌కు ప్లాస్టిక్ పలక ఒకటి ఉండేది. దాని ఏ అంచు లోపలికి దూర్చితే ఆ రకం ఉతుకు. మన దేశంలో ఐ.ఎఫ్.బి. కంపెనీ 1990 ప్రాంతంలో బాష్ సహకారంతో ముందు తలుపు మిషన్లు తయారు చేసింది. ఫోటో ఆ తర్వాతిదైతే ముందు ఆ పేరే అనుమానించండి.

బరువు కూడా సాక్ష్యమే. డ్రమ్ము ఎగిరిపడకుండా లోపల సిమెంటు దిమ్మలు బిగిస్తారు. అందుకే అయిదు కిలోల బట్టలు పట్టే మిషను 65, 70 కిలోలు తూగుతుంది. ‘ఇద్దరు మోసినా కదల్లేదు’ అని అమ్మమ్మ అంటే నమ్మండి. ‘పిండేటప్పుడు గది దాటి నడిచి వచ్చేది’ అన్నా నమ్మండి. లారీలో కదలకుండా వెనక బిగించే బోల్టులు తీయకుండా వాడినా, నేల పల్లంగా ఉన్నా, లోపల ఊపును తగ్గించే డంపర్లు అరిగినా అలాగే నడుస్తుంది.

అసలైన మిషను ఏ సామాన్ల గదిలోనో దొరికితే ప్లగ్గు పెట్టకండి. డ్రమ్మును చేత్తో మెల్లగా తిప్పండి. గరగరమంటే బేరింగులు పోయాయి, ఆయిల్ సీలులోంచి నీరు దిగి తుప్పు పట్టించి ఉంటుంది. డ్రమ్ము అంచు పట్టుకుని పైకీ కిందికీ ఆడించినప్పుడు లటలటలాడితే, బేరింగుతో పాటు వెనక డ్రమ్మును ఇరుసుకు పట్టి ఉంచే మూడు కాళ్ల స్పైడరునూ అనుమానించాలి. డ్రమ్ము స్టెయిన్‌లెస్ స్టీలు, స్పైడరు అల్యూమినియం మిశ్రమం. రెండు లోహాలు సబ్బు నీటిలో కలిసి ఉంటే అల్యూమినియం తినేయబడుతుంది. రాజోలు, అంతర్వేది వైపు బోరు నీటిలో ఉప్పు ఎక్కువ, కాబట్టి ఇంకా త్వరగా. బేరింగు మార్చొచ్చు. పాత మోడలుకు స్పైడరు మాత్రం దొరకదు.

కాలవ నీళ్లు వాడిన ఇంట్లో అయితే నీళ్లు లోపలికొచ్చే ఇన్‌లెట్ గొట్టం విప్పి వాల్వు మూతిలోని జాలీ చూడండి. వరద రోజుల ఎర్రనీటి ఒండ్రు అక్కడ గట్టిపడి ఉంటుంది, పాత టూత్‌బ్రష్షుతో పోతుంది. ట్యాంకు మట్టం వాల్వుకు కనీసం మూడు మీటర్ల పైన ఉండాలి. తక్కువైతే నీరు సన్నగా వస్తుంది, ఒక్కోసారి వాల్వు సరిగా మూసుకోదు కూడా. నీరు ఆగకుండా నిండిపోతుంటే మాత్రం, టబ్బు నుంచి, నీటి మట్టం పసిగట్టే ప్రెజర్ స్విచ్చికి వెళ్లే సన్నటి గాలి గొట్టం పగిలిందేమో చూడమనండి.

వెనక రేకు మీరు విప్పకండి. కొన్నిటిలో కెపాసిటరు ప్లగ్గు తీశాక కూడా కరెంటు దాచుకుంటుంది. మిషను వాడకంలో లేకపోతే తలుపు గడియ ఊడదీయించండి. దాగుడుమూతలాడే చిన్నపిల్లలు లోపల దూరి తలుపు పడితే బయటికి రాలేరు, ఊపిరాడదు. ఆ పని ఈ వారంలోనే చేయించండి.

మళ్లీ రాసేటప్పుడు మూడు ఫోటోలు పంపండి: నాబ్ చుట్టూ ఉన్న అంకెలు, తలుపు తీశాక రబ్బరు లోపలి అంచు, వెనక రేటింగ్ ప్లేటు. ప్లేటు మాసిపోయి ఉంటే పౌడరు చల్లి వేలితో తుడిచి, టార్చి పక్కనుంచి వేసి తీయండి. అచ్చు గుంటల్లో తెల్లగా తేలుతుంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య