అరచేతి చెమట గీసే గ్రాఫు

మే నెలలో అలిపిరి వైపు నుంచి బైకు మీద వచ్చిన విద్యార్థిని వచ్చీరాగానే కూర్చోబెట్టి వేళ్లకు ఎలక్ట్రోడ్లు అంటిస్తే, తెరమీద కనిపించేది అతని టెన్షన్ కాదు, తిరుపతి ఎండ. స్కిన్ కండక్టెన్స్, అంటే చర్మ విద్యుత్ వాహకత కొలిచేవాళ్లు మొదట పట్టించుకోవలసింది ఇదే. ఒళ్లు చల్లబడేదాకా అతన్ని చల్లటి గదిలో ఉంచాలి. ఎలక్ట్రోడ్లు అంటించాక కూడా 5 నుంచి 10 నిమిషాలు ఆగాలి. జెల్ చర్మంలోకి ఇంకితేగాని రీడింగు నిలకడకు రాదు.

అరచేతుల్లో, అరికాళ్లలో స్వేద గ్రంథులు దట్టంగా ఉంటాయి. వాటిని నడిపేది సింపథెటిక్ నాడీవ్యవస్థ, అంటే ఉద్వేగంలో మన ప్రమేయం లేకుండానే ఒంటిని సిద్ధం చేసే నాడులు. గుండెను కూడా అదే పరుగెత్తిస్తుంది, అయితే గుండెను నెమ్మదింపజేసే నాడులు వేరే ఉన్నాయి. చెమటకు ఆ రెండో పగ్గం లేదు. అందుకే మనసులోని ఉద్వేగం విషయంలో గుండె కన్నా అరచేయి సూటిగా మాట్లాడుతుందని నా నమ్మకం. చెమట ఉప్పునీరు కాబట్టి అది నాళాల్లో పైకెక్కినకొద్దీ కరెంటు తేలిగ్గా పారుతుంది. రెండు వేళ్ల మధ్య మామూలుగా పెట్టేది 0.5 వోల్టు మాత్రమే, మనిషికి ఏమీ తెలియదు. ఉద్వేగం కలిగినప్పుడు చర్మంలో కరెంటు ప్రవాహం మారుతుందని ఫ్రాన్స్‌లో ఫెరే అనే వైద్యుడు 1888లోనే రాశాడు.

ఇప్పుడు అక్‌నాలెడ్జ్, ల్యాబ్‌చార్ట్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఆ మార్పును మైక్రోసీమెన్స్‌లో, అంటే వాహకతను కొలిచే ప్రమాణంలో గీస్తాయి. గీత 4.2 దగ్గర మెల్లగా దిగుతోందనుకుందాం. వెనక తలుపు ధడేలున పడింది. సెకనున్నర పాటు గీతలో చలనం లేదు. తర్వాత లేచి 4.6కి ఎక్కింది, ఎక్కిన దానికన్నా నిదానంగా దిగింది. నిదానంగా సాగే పునాది మట్టం ఒకటి, దాని మీద లేచిన ఈ స్పందన ఒకటి. ఈ రెండింటినీ విడదీయడమే విశ్లేషణలో అసలు పని.

శబ్దం తర్వాత 1 నుంచి 3 సెకన్లలోపు మొదలైన స్పందననే సాధారణంగా ఆ శబ్దానిదిగా లెక్కిస్తారు. కాబట్టి ఏ క్షణంలో ఏం జరిగిందో మార్కర్ పెట్టకపోతే గ్రాఫు ఎంత అందంగా ఉన్నా వృథా. స్పందన ఎత్తు కనీసం 0.05 మైక్రోసీమెన్స్ ఉండాలని చాలామంది హద్దు పెట్టుకుంటారు. ఇంకా తక్కువ పెట్టేవాళ్లూ ఉన్నారు.

సాఫ్ట్‌వేర్ ఒక్క క్లిక్కుతో అన్ని శిఖరాలనూ గుర్తించి పట్టిక ఇచ్చేస్తుంది. ఆ పట్టికను కళ్లు మూసుకుని తీసుకోవద్దు. గట్టిగా ఊపిరి పీల్చినా, దగ్గినా గీత అచ్చం భయపడినట్టే లేస్తుంది. అందుకే ఛాతీకి బెల్టు కట్టి శ్వాసను కూడా పక్కనే రికార్డు చేయడం మంచిది. చెయ్యి కదిలితే గీత నిట్టనిలువుగా ఎగురుతుంది. నిజమైన స్పందన శిఖరానికి చేరడానికి సెకను నుంచి మూడు సెకన్లు పడుతుంది కాబట్టి ఆ తేడా కంటికి దొరుకుతుంది. శబ్దాలు మరీ దగ్గర దగ్గరగా ఉంటే మొదటి స్పందన దిగకముందే రెండోది దాని మీదెక్కుతుంది. అలాంటి చోట శిఖరాలు లెక్కపెట్టి లాభం లేదు, కలిసిపోయిన స్పందనలను విడదీసే లెడాలాబ్ వంటి సాఫ్ట్‌వేర్లు కావాలి.

ఇంత జాగ్రత్త పడినా గీత చెప్పేది ఉద్వేగం ఎంత అనే, ఏ ఉద్వేగమో కాదు. పరీక్ష ఫలితం చూసేటప్పటి గుబులుకీ, తిరుమలలో గంటలకొద్దీ నిలబడి స్వామిని చూసిన క్షణపు ఆనందానికీ అది ఒకేలా లేవగలదు. పాలిగ్రాఫ్, అంటే అబద్ధాన్ని పట్టుకుంటుందనే పరీక్ష మీద నాకున్న అభ్యంతరం కూడా ఇదే: అబద్ధం చెప్పేవాడి భయమూ, నిజం చెప్పినా నమ్మరేమోనన్న భయమూ అరచేతిలో వేరువేరుగా కనిపించవు. మనిషి ఒప్పుకోకుండా ఆ పరీక్ష చేయకూడదని సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో తీర్పిచ్చింది.